పెద్దలకు పెట్టిన జెర్సీ

చాచక్, సెర్బియా
7 సెప్టెంబరు 2025

వదినకి,

నీ కుట్టు షాపులో ధనలక్ష్మి నీ ఉత్తరం ఫోటో తీసి పంపినప్పుడల్లా తన బొటనవేలు కూడా పడుతోంది. ఈసారి ఆ వేలి కింద సరిగ్గా రెండు లైన్లు పోయాయి, అవి శివాజీ గారి గురించి నువ్వు రాసినవే. ఆయన పెళ్ళి మాటకి అవునన్నావా, కాదన్నావా? రాజాం అంతటికీ ఆ మాట తెలిసి ఉంటుంది, ఆడపడుచునైన నాకు తప్ప. అన్నయ్య పోయిన కబురు ఫోనులో విన్నదగ్గర్నుంచి నువ్వు ఫోను చెవిన పెట్టవు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి నీతో పెద్ద గొడవ పెట్టుకునేదాన్ని.

ఇక్కడ ఎర్ర మిరపకాయలు కాల్చే రోజులు. వీధి వీధంతా అదే వాసన. కాల్చి, తొక్క తీసి, రుబ్బి సీసాల్లో పెడతారు. పచ్చడే, కారం ఒక్కటే తక్కువ.

మా క్లినిక్కుకి కొత్త పేషెంటు వచ్చాడు. పేరు రాతిబోర్. ఈ ఊరి క్లబ్బు బాస్కెట్‌బాల్ ఆటగాడు. బస్సు డ్రైవరు కొడుకట, స్కూలు గోడకి కొట్టిన రింగులో ఆట నేర్చుకున్నాడట. పదిహేడేళ్ళకే క్లబ్బులోకి తీసుకున్నారు. గ్రీసులో ఆడాడు, స్పెయిన్‌లో ఆడాడు, ఒక ఏడాది దేశం జట్టు బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత మోకాలు పోయింది. రెండుసార్లు ఆపరేషన్. ఇప్పుడు ముప్పై ఆరేళ్ళు, తిరిగి తిరిగి మొదలుపెట్టిన ఊరికే వచ్చాడు. నవంబరు దాకా చూసి, ఆడలేకపోతే పంపించేస్తామని కోచ్ చెప్పేశాడు. ఆ మోకాలిని నిలబెట్టే పని నాది.

మనిషి ఎంత పొడుగంటే మంచం అవతల ఒక స్టూలు వేసి పాదాలు పెట్టించాను. అన్నయ్య తర్వాత అంత పొడుగు మనిషి మీద నేను చెయ్యి వేసింది ఇప్పుడే. ఊరికే గుర్తొచ్చి రాశాను, బాధపడకు.

బొటనవేలు లేని జవాబు కోసం చూస్తూ,
ఝాన్సీ


రాజాం
15 సెప్టెంబరు 2025

ఝాన్సీకి దీవెనలు.

ధనలక్ష్మికి నీ ఉత్తరం చదివి వినిపించాను. వేలు పడకుండా తీస్తానని ఒట్టు పెట్టుకుంది. చూద్దాం.

శివాజీ గారి సంగతి పెద్దగా ఏం లేదు. మంచి మనిషి. కాలేజీలో పిల్లలకి ఆటలు నేర్పుతాడు, సాయంత్రం వచ్చి షాపు ముందు నిలబడి జెర్సీలు ఎంతవరకు వచ్చాయని అడుగుతాడు. జెర్సీలు అయిపోయాయని అతనికీ తెలుసు. మీ అన్నయ్య జట్టులో ఆడినవాడు, ఆయన పోయిన రోజు పక్కనే ఉన్నవాడు. నేను చెప్పిన జవాబు ఒకటే. "మీ స్నేహితుణ్ణి అడగండి, ఆయన సరేనంటే నాదేం లేదు" అన్నాను. అతను నవ్వలేదు. నేనూ నవ్వడానికి అనలేదు.

నీ పేషెంటు పేరు వినగానే షాపులో అందరం నవ్వుకున్నాం. రాతిబోరంటే మన పొలాల్లో ఎంత తవ్వినా నీళ్ళు పడనిది. పెళ్ళయినవాడా? నీ ఉత్తరంలో సగం అతని చరిత్రే ఉంది కాబట్టి అడుగుతున్నాను, వదినని, అడిగే హక్కుంది.

ఒక పని చెయ్యి. అతని కొలతలు తీసి పంపు. భుజం, ఛాతీ, పొడుగు, చంక. పలాస వైపు కొండబాబు అని ఒక వెల్డరు వచ్చే నెల మీ దేశం వస్తున్నాడు. ఒక జెర్సీ కుట్టి పంపుతాను. ఇరవై ఒకటో తేదీ పెద్దల అమావాస్య, ఆ పని అయ్యాక తీరిక దొరుకుతుంది.

మీ వదిన
సుహాసిని


చాచక్
24 సెప్టెంబరు

వదినా,

వేలు పడలేదు, ఈసారి ధనలక్ష్మి కాలి బొటనవేలు పడింది. చెప్పకు, ఏడుస్తుంది.

రాతిబోర్‌కి పెళ్ళయింది, పోయింది కూడా. భార్య కూతుర్ని తీసుకుని వియన్నా వెళ్ళిపోయింది. కూతురికి పదేళ్ళు, పేరు మిలిత్సా. నాన్న బాగా ఆడే రోజుల్లో అది పసిపిల్ల. అది చూసిందంతా కట్టు కట్టిన మోకాలు, చేతి కర్రలు. "ఒక్క మ్యాచి, నా బిడ్డ చూస్తుండగా ఒక్క మంచి మ్యాచి ఆడి మానేస్తాను" అంటాడు. ఆట లేనప్పుడు వాళ్ళ నాన్నకున్న ప్లం తోటలో పని చేస్తాడు. నాకొక సంచీ పళ్ళు తెచ్చిచ్చాడు. అంతే, అంతకంటే ఏం లేదు, నీ ఊహలు కట్టిపెట్టు.

కొలతలు తీశాను. భుజం ఇరవైన్నర, ఛాతీ నలభై రెండు, పొడుగు ముప్పై మూడు, చంక పదకొండు. కుడి భుజం అరంగుళం కిందికి ఉంది. ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు.

ఝాన్సీ


రాజాం
4 అక్టోబరు

ఝాన్సీ,

కొలతలు అందాయి. టేపు సరిగ్గా పట్టుకున్నావా? మరోసారి తీసి చూడు. వద్దులే, తీయకు.

జెర్సీ కొండబాబు చేతికిచ్చాను. నీలం, వెనకాల తొమ్మిది. తాటి తాండ్ర కూడా పెట్టాను. ఎండుచేపలు పెడతానంటే అతనే వద్దన్నాడు. "ఎయిర్‌పోర్టుల ఆపీసి సంచంతా ఇప్పీస్తారమ్మా" అని.

రెండు మాటలు చెప్తాను, నవ్వకుండా చెయ్యి. ఆ జెర్సీని ఉతకొద్దు. మొదటిసారి తొడుక్కునేటప్పుడు అతన్ని తూర్పు వైపు తిరిగి తొడుక్కోమను. నేను మంచి మనసుతో పంపుతున్నానని చెప్పు.

ఇక్కడ మొన్నటిదాకా దసరా ఆటల ఆర్డర్లు. ధనలక్ష్మి ఇరవై జెర్సీలకి ఒకే నంబరు వేసేసింది. రోజంతా విప్పుతూ కూర్చున్నాం.

ఉంటాను,
సుహాసిని


చాచక్
2 నవంబరు

వదినా,

ముందు కూర్చో. చేతిలో కత్తెర ఉంటే కింద పెట్టు.

రాతిబోర్ ఆడుతున్నాడు. ఆడటమంటే మామూలుగా కాదు. నిన్నటి మ్యాచిలో ఇరవై రెండు పాయింట్లు! జనం లేచి నిలబడ్డారు. మోకాలి వాపు తగ్గిపోయింది. క్లినిక్కులో అందరూ నా చేతుల్ని మెచ్చుకుంటున్నారు. నేను ఊరుకుంటానా, తల ఊపుతున్నాను. నీ జెర్సీని క్లబ్బు జెర్సీ లోపల తొడుక్కుంటున్నాడు. దానికి సాంబ్రాణి వాసన ఇంకా పోలేదు. నీ షాపులో గురువారం వేసే ధూపం కాబోలనుకున్నాను. తూర్పు మాట చెప్పగానే, ఎందుకని ఒక్క ప్రశ్న వెయ్యకుండా తిరిగి నిలబడ్డాడు. ఈ దేశం వాళ్ళలో నాకది వింతగా అనిపించింది.

ఒక్క విచిత్రం. అతను పుట్టినప్పట్నుంచీ కుడిచేతి వాటం. ఇప్పుడు ఎడమ చేత్తో వేస్తున్నాడు. కోచ్ అడిగితే, "నేను వెయ్యట్లేదు, అదే వెళ్తోంది" అన్నాడట. భోజనానికి కూర్చుంటే ఫోర్కు కూడా ఎడమ చేతికే పోతోంది. పెద్ద గాయాల తర్వాత ఒంట్లో ఇలాంటి మార్పులు వస్తాయని కోచ్‌తో చెప్పాను. నిజానికి నేనెక్కడా అలా చదవలేదు.

నీ చేతి చలవే వదినా.

సంతోషంగా,
ఝాన్సీ


రాజాం
9 నవంబరు

ఝాన్సీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అడిగినవాటికి జవాబు రాయి, ఎందుకని అడగకు.

ఫ్రీ త్రో వేసే ముందు బంతిని పొట్టకి రుద్దుకుంటాడా? ముందు ఎడమ కాలి బూటు కట్టుకుంటాడా? టీ సాసర్లో పోసుకుని తాగుతాడా? గీత దగ్గర నిలబడి బంతి వేసే ముందు గ్యాలరీలోకి చూస్తాడా, ఎటువైపు చూస్తాడు?

ఆఖరి ప్రశ్న నాది కాదు, శివాజీ గారిది. నేను మీ అన్నయ్య ఆట ఒక్కసారి కూడా చూడలేదు కదా. ఎప్పుడు పిలిచినా కుట్టుపని ఉందనేదాన్ని. అందుకని మొన్న ఆయన్ని షాపులో కూర్చోబెట్టి, మీ స్నేహితుడు ఆటలో ఎలా ఉండేవాడో చెప్పమన్నాను. చాలాసేపు చెప్పాడు. చివర్లో ఇలా అన్నాడు. "విజీనగరం కోర్టుల ఎడం పక్క మెట్లున్నాయి సూడండి, పై మూల సీటు. టవల్ ఏసి ఉంచీవోడు. మా ఇంటిది వస్తాది అనీవోడు. ప్రెతి షాటుకీ ముందు అటే సూసీవోడు." పదకొండేళ్ళుగా తెలిసిన ఈ మాట నాకు ఇప్పుడా చెప్పడం? ఎందుకు దాచారని అడిగితే, మీరు బాధపడతారని అన్నాడు. అతని మంచితనం మీద ఆ రోజు చాలా కోపం వచ్చింది.

రాతిబోర్ ఎటు చూస్తాడో రాయి. ఫోటో ఉంటే పంపు.

సుహాసిని


చాచక్
16 నవంబరు

వదినా,

ఏమనుకోకు, నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఒక మనిషిని చూడకుండా, అతను టీ ఎలా తాగుతాడో అడుగుతున్నావు. శివాజీ గారు షాపు ముందు నిలబడి నిలబడి ముసలివాడైపోతుంటే, నీ మనసు సముద్రాలు దాటి ఈ కట్టు కట్టిన మోకాలి మీదకొచ్చిందా? ఒంటరిగా ఉన్నావు, అర్థం చేసుకోగలను. కానీ అతనిలో అన్నయ్యని వెతుక్కోకు. పొడుగు, ఇప్పుడీ ఎడమ చేతి వాటం, అంతే పోలిక.

ఇది రాసి నిన్న పక్కన పెట్టాను. ఈ రోజు మ్యాచికి వెళ్ళొచ్చి మిగతాది రాస్తున్నాను.

అవును. పొట్టకి రుద్దుకుంటాడు. అవును, ఎడమ బూటే ముందు. ఇక్కడ సాసర్లు లేవు గానీ, టీని సూపు గిన్నెలోకి ఒంపుకుని తాగాడు. గ్యాలరీలో ఎడమ వైపు పై మూలకి చూస్తాడు. అక్కడ ఎవరూ ఉండరు. నేను అడిగాను. "ఆ సీట్లో ఒకామె కూర్చోవాలి, ఎవరో నాకు తెలియదు" అన్నాడు.

ఇంకొకటి. ఈ నెలలో రెండు ఫ్రీ త్రోలు వచ్చినప్పుడల్లా మొదటిది వెంటనే వేస్తాడు, పడుతుంది. రెండోది పట్టుకుని నిలబడిపోతాడు. వెయ్యడానికి అయిదు సెకన్లే ఇస్తారు. ఇవాళ రెఫరీ ఈల వేసేశాడు, ఆ షాటు పోయింది. అప్పుడు అతని కుడి చెయ్యి ఛాతీ మీద ఉంది. ముఖంలో నెత్తురు లేదు. గుండె పరీక్షలన్నీ చేయించాను, కాగితం శుభ్రంగా వచ్చింది.

బయటికి వస్తూ నన్నడిగాడు, నాకు తెలిసిన భాషల్లో దేనిలోనైనా ఈ మాట ఉందా అని. కొన్ని రోజులుగా తన నోట్లో తిరుగుతోందట, గీత దగ్గర నిలబడితే పైకి వస్తోందట. అతను పలికింది "రానేదేటి" అని. రాలేదేమిటని అన్నయ్య మన యాసలో అడిగినట్టే, చివర్న కాస్త సాగదీసి.

వదినా, నువ్వు ఏం పంపావు?

ఝాన్సీ


రాజాం
20 నవంబరు

ఝాన్సీ,

తప్పు నాది. మొదట్నుంచీ చెప్తాను.

మన ఇంట్లో పెద్దల అమావాస్యకి పోయినవాళ్ళ ఫోటో ముందు కొత్తబట్టలు పెట్టడం నీకు తెలుసు. పెట్టిన బట్ట ఇంటివాళ్ళు ఒకరు తొడుక్కోవాలి. ఆ పూట ఆ తొడుక్కున్నవాళ్ళే పోయిన మనిషి. వాళ్ళు తింటే ఆయన తిన్నట్టు, వాళ్ళు కట్టుకుంటే ఆయన ఒంటి మీదకి చేరినట్టు. మీ అన్నయ్యకి పంచె ఎప్పుడూ ఇష్టం లేదు కదా, నేను ఏటా నీలం జెర్సీ కుట్టి, తొమ్మిది నంబరు వేసి పెడుతున్నాను. కానీ ఆ కొలత మనింట్లో ఎవరికుంది? నువ్వు దేశంలో లేవు. నేను తొడుక్కోవాలంటే చేతులు రాలేదు. అలా పది జెర్సీలు ట్రంకు పెట్టెలో మడతపెట్టి ఉన్నాయి. పదేళ్ళుగా ఆయనకి బట్ట లేదన్నమాట.

నువ్వు పంపిన కొలతలు చూసినప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. భుజం, ఛాతీ, చంక, కుడి భుజంలో ఆ అరంగుళం వంపు, అన్నీ ఆయనవే. కొత్తది కుట్టే పని లేకపోయింది. ఈ అమావాస్యకి పెట్టిన పదకొండోదే మడిచి కొండబాబుకిచ్చాను. ఇంటివాళ్ళే తొడుక్కోవాలన్న నియమం నాకు తెలుసు. ఇంటి ఆడపిల్లవి నువ్వు అక్కడున్నావు, నీ చేత్తో కొలిచావు, నీ చేత్తో ఇస్తావు, సరిపోతుందిలే అనుకున్నాను. ఆ కొలత మనిషి ఒంటి మీద ఒక్క పూటైనా ఆ బట్ట ఉంటే చాలనిపించింది. అంతకు మించి ఆలోచించలేదు.

ఆయన పోయిన రోజు నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 2014 డిసెంబరు పద్నాలుగు, ఆదివారం, సాయంత్రం. పొద్దున్న వెళ్తూ, ఈ ఒక్క ఫైనలుకి రమ్మన్నారు. స్కూలు యూనిఫారాలు ఉన్నాయి, మీరూ మీ బంతీ ఊరేగండి అన్నాను. ఆఖరి నిమిషంలో ఆయనకి రెండు ఫ్రీ త్రోలు వచ్చాయట. మొదటిది వేశారు. రెండోది పట్టుకుని ఆ మూలకి చూస్తూ నిలబడ్డారట. అలాగే ఒరిగిపోయారు. ముప్పై ఆరేళ్ళు.

ఆ జెర్సీ అతని ఒంటి మీద నుంచి తీసెయ్యి. ఇవాళే తీసెయ్యి.

సుహాసిని


చాచక్
27 నవంబరు

వదినా,

నీ మీద కోపంతో మూడు రోజులు రాయలేదు. ఆ రెండో షాటుని అన్నయ్య ఇప్పటిదాకా పట్టుకునే ఉన్నాడని, అది వేసేదాకా మనిషిని వదలడని నాకు అర్థమైంది. ఇప్పుడు అన్నయ్య నిలబడింది నా పేషెంటు కాళ్ళ మీద. ఆ గుండె ఆగితే పదేళ్ళ పిల్లకి నేను ఏమని చెప్పాలి?

రాతిబోర్‌తో అంతా చెప్పాను. పిచ్చిదాన్ననుకుంటాడని భయపడ్డాను. అతను నిదానంగా విని, వాళ్ళ అమ్మమ్మ ఊరి సంగతి చెప్పాడు. ఈ దేశానికి తూర్పున, డాన్యూబ్ వైపు కొండల్లో వాళ్ళూ ఇలాగే చేస్తారట. పోయినవాడి వయసు మనిషికి కొత్తబట్టలు తొడిగి బల్ల దగ్గర కూర్చోబెట్టి భోజనం పెడతారట. తొమ్మిదేళ్ళప్పుడు, చనిపోయిన చిన్న మామయ్య బదులు ఇతన్నే కూర్చోబెట్టారట. "నాలోకి ఎవరో వచ్చారని నాకు మొదటి రోజే తెలుసు. తూర్పుకి తిరగమన్నప్పుడే తెలుసు" అన్నాడు.

విప్పనన్నాడు! పద్నాలుగో తేదీన కూతురు వియన్నా నుంచి మ్యాచి చూడటానికి వస్తోంది. "మీ అన్నయ్యకి ఒక షాటు కావాలి, నాకు ఒక మ్యాచి కావాలి. ఇద్దరం సర్దుకుంటాం" అంటాడు. బతిమాలాను, తిట్టాను. చివరికి నిన్న ప్రాక్టీసుకి ముందు అతని లాకరు లోంచి జెర్సీ దొంగతనం చేశాను. లాభం లేకపోయింది. అది నా సంచీలో ఉండగానే అతను ఎడమ చేత్తో వేశాడు, మూలకి చూశాడు, ఛాతీ పట్టుకున్నాడు. సాయంత్రం తిరిగిచ్చేశాను.

బట్టలో లేడు వదినా ఇప్పుడు. ఏం చెయ్యాలో పెద్దవాళ్ళనెవరినైనా అడుగు. నేనూ ఇంటి పిల్లనే కదా, నేను తొడుక్కుంటే పోతుందా?

ఝాన్సీ


రాజాం
5 డిసెంబరు

ఝాన్సీ,

బొబ్బిలి వెళ్ళి తాయారు పెద్దమ్మని అడిగాను. పెద్దమ్మకి చూపు తగ్గింది గానీ మాట తగ్గలేదు. నా చెయ్యి పట్టుకుని అంతా విని, చాలాసేపు తిట్టింది. తర్వాత చెప్పింది.

"ఇంటోళ్ళు ఏసుకోనేదు, ఈదిలోడికి తొడిగినావు. మరాడు ఈదిలోడి ఇంటికే ఎల్తాడు గదే. ఇంటోళ్ళు ఏసుకుని పిలిస్తే ఇంటికొస్తాడు."

నువ్వు తొడుక్కుంటే చాలా అని కూడా అడిగాను. "ఆడు ఎవులికోసం సూస్తన్నాడే?" అంది. పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు, బస్సు వచ్చేదాకా పట్టుకునే కూర్చుంది.

నేను తొడుక్కుంటాను. విజయనగరంలో ఆ కోర్టు అలాగే ఉంది. శివాజీ గారు పద్నాలుగో తేదీ సాయంత్రానికి అడిగి పెట్టాడు. నీ వైపు మ్యాచి ఎన్ని గంటలకో, మనకది ఎంతవుతుందో రాయి. ఆ రోజు నువ్వు గ్యాలరీలో ఎడమ పై మూల సీట్లో కూర్చో. అతను అటు చూస్తే, ఆమె ఇక్కడ లేదు, అక్కడుంది అన్నట్టు ఇంటి వైపు చెయ్యి చూపించు. మీ అన్నయ్య చెల్లెలి మాట ఎప్పుడూ తీసెయ్యలేదు.

భయంగానే ఉంది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు. కానీ పదకొండేళ్ళలో నేను ఆయన కోసం ఒక చోటికి బయల్దేరడం ఇదే మొదటిసారి.

సుహాసిని


చాచక్
8 డిసెంబరు

వదినా,

మ్యాచి ఇక్కడ మధ్యాహ్నం మూడున్నరలోపే అయిపోవాలి, హాలు వేరే వాళ్ళకి ఇచ్చారు. పన్నెండున్నరకి మొదలు. మనకది సాయంత్రం అయిదు. ఆఖరి నిమిషాలు ఆరున్నర దాటాక వస్తాయి.

మంచు పడుతోంది. స్వెటరు వేసుకుని వెళ్ళు అని రాయబోయి, నువ్వు ఆ రోజు ఏం వేసుకుంటావో గుర్తొచ్చి ఆగిపోయాను.

ఝాన్సీ


చాచక్
15 డిసెంబరు

వదినా,

బతికున్నాడు. ముందు ఆ మాట.

మిలిత్సా మొదటి వరసలో కూర్చుంది, వాళ్ళ తాత పక్కన. నేను పై మూలలో. ఎంత ఆడాడనుకున్నావ్! ఆ పిల్ల ముఖం నువ్వు చూసి ఉండాల్సింది. ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉండగా రాతిబోర్‌ని తోసేశారు. రెండు ఫ్రీ త్రోలు. మొదటిది ఎడమ చేత్తో వేశాడు, పడింది, సమానమైంది. రెండో దానికి బంతి అందుకుని నా వైపు చూశాడు.

ఆ చూపు అతనిది కాదు. నేను చిన్నప్పుడు సైకిలు మీద నుంచి పడ్డప్పుడు నన్ను అలా చూసిన మనిషి అన్నయ్య ఒక్కడే. తల అడ్డంగా ఊపి, తూర్పు వైపు చెయ్యి చూపించాను. అతని కుడి చెయ్యి ఛాతీ మీదికి సగం దాకా వెళ్ళి ఆగింది. గడియారం చూశాను, రెండు దాటి నాలుగు నిమిషాలు. ఒక్కసారి పెద్దగా ఊపిరి వదిలి, బంతిని కుడి చేతికి మార్చుకుని వేశాడు. అది రింగుకి కూడా తగల్లేదు.

బంతి అందుకున్న అవతలి జట్టు చివరి సెకన్లలో వేసేసింది, మనవాళ్ళు ఓడిపోయారు. మోకాలు అప్పటికప్పుడు వాచిపోయింది. అతను గీత మీదే కూర్చుండిపోయాడు. మిలిత్సా పరిగెత్తుకెళ్ళి మెడ పట్టుకుంది. ఇవాళ పొద్దున క్లబ్బుకి వెళ్ళి ఆట మానేస్తున్నానని చెప్పి వచ్చాడు. ఏడుస్తాడనుకున్నాను. ప్లం చెట్లకి కొమ్మలు కత్తిరించే రోజులొస్తున్నాయని అన్నాడు. కుడి చేత్తో కాఫీ తాగాడు. జెర్సీ మడిచి ఇచ్చాడు. దానికి సాంబ్రాణి వాసన లేదు, ఏ వాసనా లేదు. ఉతికి పంపుతాను.

నీ దగ్గర్నుంచి ఏ కబురూ లేదు. ధనలక్ష్మి ఫోనెత్తడం లేదు. ఆరూ ముప్పై నాలుగుకి నువ్వేం చేశావు? వెంటనే రాయి.

ఝాన్సీ


రాజాం
24 డిసెంబరు

ఝాన్సీకి,

ఆలస్యమైంది. అక్షరాలు వంకరగా కనిపిస్తే ధనలక్ష్మిని తిట్టకు, దాని ఫోటో తప్పు కాదు. రాయడానికి ఇప్పుడు నాకు చాలాసేపు పడుతోంది.

ఆ రోజు నేనూ ధనలక్ష్మీ శివాజీ గారూ బస్సులో వెళ్ళాం. ట్రంకులో అడుగున ఉన్నది, మొదటి ఏడాది కుట్టింది తీసి, చీర మీద తొడుక్కున్నాను. మోకాళ్ళ దాకా వచ్చింది. తొడుక్కునేటప్పుడు తూర్పుకి తిరిగాను. కోర్టులో ఆడుతున్న పిల్లలు నవ్వబోయి శివాజీ గారి ముఖం చూసి ఊరుకున్నారు. ముందు మెట్లెక్కి, ఎడమ పై మూల సీట్లో కూర్చున్నాను. గంటన్నర కూర్చున్నాను. ఖాళీ కోర్టు వైపు చూస్తూ, ఆయన ఆట ఇలా ఉండేదా అనుకున్నాను. ఆరున్నరకి లేచి దిగి గీత దగ్గరికి వెళ్ళాను.

శివాజీ గారు బంతి ఇచ్చాడు. నేను పుట్టి బుద్ధెరిగాక బంతి పట్టుకోలేదు, నీకు తెలుసు. పొట్టకి రుద్దుకున్నాను. "వచ్చినాను, సూడండి" అన్నాను. ఆ మాట బయటికొచ్చాక ఇంకేం చెయ్యాల్సిన పని లేకపోయింది. చెయ్యి దానంతటదే లేచింది. ఎడమ చెయ్యి. బంతి రింగులోంచి వల కదలకుండా జారిపోయింది.

శివాజీ గారు సంచీలోంచి ఆ రోజు స్కోరు షీటు తీశాడు. ఇన్నేళ్ళూ దాచాడట. ఆయన పేరు ఎదురుగా రెండు చిన్న సున్నాలు, ఒకటి నింపింది, ఒకటి ఖాళీ. రెండోది పెన్నుతో నింపాడు. "గెలిచీసినాం" అన్నాడు. తర్వాత పెన్ను నాకిచ్చి కెప్టెన్ సంతకం చెయ్యమన్నాడు. చేశాను. ఆ సంతకంలో తన స్నేహితుడి చేతిరాతే చూసి, నా చేతి వైపు చూసి, మెల్లగా నాలుగడుగులు వెనక్కి వేశాడు. అప్పట్నుంచి షాపు ముందుకి రాలేదు. నా జవాబు అతనికి అందిందనుకుంటాను. మంచి మనిషి, నాకు బాధగానే ఉంది.

నా పాత కత్తెర పని చెయ్యడం లేదు, బట్టని నములుతోంది. ఎడమ చేతి కత్తెర విశాఖపట్నం నుంచి తెప్పించాను. దానితో బాగానే తెగుతోంది. టీ సాసర్లో పోసుకుంటే ధనలక్ష్మి గుడ్లప్పగించి చూస్తోంది. నేను మధ్య మధ్యలో ఛాతీ మీద చెయ్యి వేసుకుంటున్నానని అది గొడవ చేసి గుండె డాక్టరుకి చూపించింది. కాగితం శుభ్రంగా వచ్చింది, మీ రాతిబోర్ కాగితంలాగే.

ఆ జెర్సీ ఉతికావా? ఉతికితే ఉంచుకో. ఇక్కడికి పంపొద్దు. ఇక్కడ మాకు పది ఉన్నాయి, రోజుకొకటి తొడుక్కుంటున్నాం.

నాకేదో అయిందని బెంగ పెట్టుకుని టిక్కెట్టు కొనకు. పదకొండేళ్ళు ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే అన్నం తిన్నాను. రాతిబోర్‌కి చెప్పు, బిడ్డతో సుఖంగా ఉండమని. "రానేదేటి" అన్న ఆ మాట ఇంకెప్పుడూ అతని నోటికి రాదు. మొన్నటిదాకా ఈ ఇంట్లోనూ, నిద్ర లేచేటప్పటికి నా నోట్లోనే ఉండేది. ఇప్పుడు లేదు. అడిగేవాడికి జవాబు దొరికింది కదా.

నువ్వు చిన్నప్పుడు సైకిలు మీద నుంచి పడ్డప్పుడు మోకాలికి అరటాకు కట్టి, అమ్మతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను, గుర్తుందా? ఆ మచ్చ ఇంకా ఉందా?

మీ
వదిన